అలెగెనీ కొండల దారిలో విస్కీ తిరుగుబాటు

ఫిలడెల్ఫియా నుంచి పడమరగా పిట్స్‌బర్గ్‌కు సుమారు 300 మైళ్లు. 1940లో తొలి భాగం ప్రారంభమైన పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద, కొండల్ని తొలిచిన సొరంగాల గుండా కారులో ఐదు గంటల్లో ముగిసే ఈ ప్రయాణంలో, పర్వతశ్రేణులను దాటుతున్నామన్న ఎరుక కూడా సరిగా కలగదు. అమెరికా చరిత్రలో ‘విస్కీ తిరుగుబాటు’గా ప్రసిద్ధమైన 1794 నాటి అలజడిని దాని భూమి మీదనే తెలుసుకోగోరే యాత్రికుడు ఈ సౌకర్యాన్ని వదులుకోవడమే మంచిది, 1758లో ఫ్రెంచివారి మీదికి దండు నడిపిన జనరల్ ఫోర్బ్స్ అడవి కొట్టి వేయించిన బాటను చాలావరకు అనుసరించే 30వ నంబరు రహదారిని పట్టుకొని, ఒక్కొక్క శ్రేణినీ ఎక్కి, లోయలోకి దిగి, మళ్లీ ఎక్కుతూ పోతే తప్ప ఆ తిరుగుబాటులో మద్యం కన్నా దూరం పాత్రే ఎంత పెద్దదో తెలిసిరాదు.

కథకు మొదలు మాత్రం కొండల్లో లేదు, ఖజానాలో ఉంది. స్వాతంత్ర్య యుద్ధం ముగిసేసరికి కొత్త దేశం అప్పుల్లో మునిగి ఉన్నది. కేంద్ర ప్రభుత్వం చెల్లించవలసినది సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్లు కాగా, రాష్ట్రాలు విడివిడిగా చేసిన అప్పు మరో రెండున్నర కోట్ల దాకా ఉండేది. ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1790లో రాష్ట్రాల అప్పును కూడా కేంద్రం నెత్తికెత్తుకోవాలని, రుణపత్రాలు అప్పటికి ఎవరి చేతిలో ఉంటే వారికి వాటి పూర్తి ముఖవిలువ చెల్లించాలని కాంగ్రెస్ చేత ఒప్పించాడు. ఆ పత్రాలను మొదట జీతం కింద అందుకున్నవారు సైనికులు. ఇల్లు గడవక వాటిని రూపాయికి పావలా వంతున తెగనమ్ముకున్నదీ వారే, కాగా వాటిని చవకగా కొని పోగుచేసుకున్నవారు తూర్పుతీర నగరాల సట్టా వ్యాపారులు. ఈ వ్యాపారులకు వడ్డీ చెల్లించడానికి దిగుమతి సుంకాలు చాలవని తేలినప్పుడు హామిల్టన్ కన్ను దేశంలో కాచే మద్యం మీద పడింది. 1791 మార్చిలో వచ్చిన ఎక్సైజ్ చట్టం, అంటే తెలుగునాట ఆబ్కారీ అని పిలిచే సుంకం వంటిది, దేశంలోనే తయారయ్యే సరుకు మీద కొత్త జాతీయ ప్రభుత్వం వేసిన మొదటి పన్ను.

చట్టం అందరికీ ఒకటే అయినా దాని బరువు అందరి మీదా ఒకేలా పడలేదు. పల్లెల్లో సారాబట్టీ ఉన్న రైతు బట్టీ సామర్థ్యంలో గాలనుకు ఏడాదికి 60 సెంట్లు కట్టాలి, లేదా కాచిన ప్రతి గాలనుకూ 9 సెంట్లు కట్టాలి. గాలను సుమారు 3.8 లీటర్లు. ఏడాది పొడుగునా బట్టీ మండించే పెద్ద వ్యాపారికి మొదటి పద్ధతి లాభసాటి, ఎందుకంటే ఎంత ఎక్కువ కాస్తే గాలనుకు పన్ను అంత తగ్గుతుంది. పంట చేతికొచ్చాక కొన్ని వారాలు మాత్రమే కాచుకునే చిన్నరైతుకు ఏ పద్ధతి ఎంచుకున్నా నష్టమే. పైగా కొండలకు పడమట విస్కీ ధర తూర్పు ధరలో సగమే గనుక, ఒకే పన్ను అక్కడ విలువను బట్టి రెట్టింపయ్యేది. అక్కడి రైతులు రై అనే చలిధాన్యాన్ని పండించేవారు. గుర్రం వీపున నాలుగు బుషెళ్ల రై ధాన్యాన్ని మించి కొండ దాటించలేరని, దానినే కాచి రెండు పీపాల విస్కీగా మారిస్తే అదే గుర్రం 24 బుషెళ్ల ధాన్యానికి సరిపడే సరుకు మోయగలదని ఆనాటి లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. మిసిసిపీ నదీముఖం స్పెయిన్ అధీనంలో ఉండడంతో నీటిదారిన ధాన్యం పంపే వీలు లేదు. నాణేలు కరువైన ఆ సీమలో కూలికి, కౌలుకు, ఆఖరికి పాదిరి జీతానికి కూడా విస్కీయే చెల్లుబడి అయ్యేది. పన్ను మాత్రం రొక్కంలో కట్టాలి. కట్టనివారి మీద వేసే వ్యాజ్యం ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ కోర్టులో నడిచేది. పొలం, బట్టీ విడిచి 300 మైళ్లు పోయి, అక్కడ వాయిదాల కోసం కాచుకొని తిరిగి రావడమంటే, గెలిచినా ఓడినా ఆ ఏటి సేద్యం పోయినట్టే. ఈ కోర్టు నిబంధనే తిరుగుబాటుకు అసలు నిప్పు.

దారిలో మొదట ఆగదగిన ఊరు కార్లయిల్. 1794 అక్టోబరు 4న అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇక్కడికి చేరి, నాలుగు రాష్ట్రాల నుంచి, అంటే పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, మేరీలాండ్, వర్జీనియాల నుంచి కూడగట్టిన మిలీషియాను పర్యవేక్షించాడు. మిలీషియా అంటే జీతపు సైన్యం కాదు. అవసరమైనప్పుడు రాష్ట్రాలు పిలిచే పౌరుల దళం. దాని మొత్తం సంఖ్య సుమారు 13,000. బ్రిటిషువారి మీద యుద్ధం చేసిన రోజుల్లో వాషింగ్టన్ చేతికింద ఒకేచోట అంతమంది ఉండడమే అరుదు. పడమటి జిల్లాల తరఫున విలియం ఫిండ్లీ, డేవిడ్ రెడిక్ ఇక్కడ అధ్యక్షుణ్ణి కలుసుకొని, జనం లొంగిపోతున్నారని, సైన్యం రావలసిన పని లేదని విన్నవించుకున్నారు. ఆయన వినయంగానే విని, దండును ఆపేది లేదని చెప్పి పంపాడు. కార్లయిల్ బ్యారక్స్‌లో నేడు అమెరికా సైన్యపు వార్ కాలేజీ నడుస్తున్నది. అదే ప్రాంగణంలో 1879 నుంచి 1918 దాకా మూలవాసుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, వారి భాషను నిషేధించి ‘నాగరికులను’ చేసిన ఇండియన్ పాఠశాల ఉండేది; అక్కడే చనిపోయిన పిల్లల సమాధులు గేటుకు దగ్గరలోనే వరుసగా కనబడతాయి. ప్రభుత్వ విధానం ఎంత దూరం పోగలదో చెప్పడానికి విస్కీ పన్ను కన్నా ఈ సమాధులే గట్టి సాక్ష్యమన్నది యాత్రికుడికి తోచక మానదు.

బెడ్‌ఫర్డ్ చేరేసరికి కొండలు దగ్గరపడి ఊరిని ముసురుకుంటాయి. పిట్ వీధిలోని ఎస్పీ ఇల్లు అనే రాతికట్టడంలో అక్టోబరు 19న వాషింగ్టన్ విడిది చేశాడు. పదవిలో ఉండగా సైన్యంతో పాటు స్వయంగా బయలుదేరిన తొలి అధ్యక్షుడిగా ఆయనను చెప్పుకోవడం ఆనవాయితీ అయినా, ఆయన ప్రయాణం ఈ ఊరితోనే ముగిసింది. సేనాధిపత్యాన్ని వర్జీనియా గవర్నరు హెన్రీ లీకి అప్పగించి ఫిలడెల్ఫియాకు మళ్లాడు. ఎలాంటి సైనిక పదవీ లేని హామిల్టన్ మాత్రం, తాను విధించిన పన్ను ఎలా వసూలవుతుందో కళ్లారా చూడడానికా అన్నట్టు, దండుతో పాటు ముందుకు సాగాడు. అప్పటికి 62 ఏళ్లున్న వాషింగ్టన్‌కు ఈ దారి కొత్తది కాదు. నేటి వాషింగ్టన్ కౌంటీలో ఆయనకు 2,800 ఎకరాలకు పైబడిన భూమి ఉండేది. 1784లో అక్కడికి వచ్చినప్పుడు అందులో ఇళ్లు కట్టుకొని సాగు చేసుకుంటున్న కుటుంబాలు కనబడగా, ఖాళీ చేయమని చెప్పి, వినకపోతే కోర్టుకెక్కి గెలిచాడు. పడమటివారి దృష్టిలో ఆయన స్వాతంత్ర్య వీరుడే కాక, కొండ అవతల ఉండే భూస్వామి కూడా.

బెడ్‌ఫర్డ్ దాటాక అలెగెనీ శిఖరాలు, లారెల్ శ్రేణి వస్తాయి. ఆనాటి దండు అక్టోబరు చివరి వానల్లో ఈ బురద వాలు ఎక్కింది. అవతల ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చిందేమిటన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ కొండల మీదనే స్పష్టపడుతుంది. ఒహాయో నదికి ఉత్తరాన తమ భూమిని కాపాడుకోవడానికి కూటమి కట్టిన మూలవాసులు 1791 నవంబరులో జనరల్ సెయింట్ క్లెయిర్ సేనను తుడిచిపెట్టారు. ఆరువందలకు పైగా సైనికులు ఒక్క పొద్దుటి పోరులో చనిపోయారు. ఆ యుద్ధానికయ్యే ఖర్చే పన్నుకు మరో కారణమని, సరిహద్దును కాపాడుతున్నది మీకోసమే కదా అని ఫిలడెల్ఫియా వాదన. కాపాడలేకపోయిన సైన్యానికి తామెందుకు చెల్లించాలని పడమటివారి వాదన. తమ భూమి పోగొట్టుకుంటున్న షానీ, మయామీ ప్రజల వాదన ఈ రెండు పక్షాల్లో ఎవరి లెక్కలోకీ రాలేదు. 1794 ఆగస్టులో జనరల్ వేన్ వారిని ఫాలెన్ టింబర్స్ వద్ద ఓడించాడు. పశ్చిమాన ఒక సైన్యం గెలుస్తున్న వేళనే తూర్పున మరో సైన్యాన్ని కూడగట్టసాగారు.

మొనొంగహీలా నదీలోయలోకి దిగితే తిరుగుబాటు నడిబొడ్డులోకి వచ్చినట్టే. 1791 సెప్టెంబరులో పిజియన్ క్రీక్ దగ్గర రాబర్ట్ జాన్సన్ అనే వసూలుదారును ఆడవేషాల్లో వచ్చిన మనుషులు పట్టుకొని, బట్టలూడదీసి, ఒంటికి తారు పూసి ఈకలు అంటించి వదిలారు. పన్ను కట్టడానికి ఒప్పుకున్న ఇరుగుపొరుగు రైతులకు కూడా శిక్ష తప్పలేదు. రాత్రివేళ వారి రాగి బట్టీలకు తుపాకీతో తూట్లు పొడిచి, వాటికి ‘మరమ్మతు’ చేశామంటూ ‘టామ్ ది టింకర్’ పేరిట చీటీలు అంటించేవారు. టింకర్ అంటే ఊరూరా తిరిగి బొక్కెనలకు, గిన్నెలకు మాట్లు వేసేవాడు. ఈ హాస్యంలో క్రూరత్వం లేకపోలేదు. తిరుగుబాటుదారులను కేవలం పీడితులుగా చూపించే రచనలు ఈ చీటీలను తేలిగ్గా దాటేస్తాయి గాని, ఇష్టం లేని పొరుగువాణ్ణి బెదిరించి జతచేసుకోవడం ఆ ఉద్యమంలో మొదటి నుంచీ ఉన్నదే.

మింగో క్రీక్ ప్రెస్బిటేరియన్ చర్చి శ్మశానం ఈ యాత్రలో ఎక్కువసేపు నిలిపే చోటు. చర్చి భవనం తర్వాతి కాలానిది. పెరట్లోని రాళ్లు మాత్రం పాతవి. వాటిలో ఒకటి జేమ్స్ మెక్‌ఫార్లేన్‌ది. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన అతడు 1794 జూలై 17న, 43వ ఏట, తాను పోరాడి తెచ్చిన ప్రభుత్వపు మనుషుల తుపాకీకి బలయ్యాడు. సమాధి రాత అతడి శౌర్యాన్ని పొగిడి, చంపినవాణ్ణి గట్టిగా తిట్టి, అతడు దేనికోసం చనిపోయాడో చెప్పేచోట మాత్రం కొంచెం తగ్గుతుంది: అవి దేశపు హక్కులని కాక, హక్కులని అతడు భావించినవని చెక్కించారు. దండు వచ్చి వెళ్లిన తర్వాత బతికినవారికి ఎంత మేరకు మాట్లాడవచ్చో తెలిసివచ్చినట్టుంది.

అతడు పడిపోయిన చోటు బోవర్ హిల్, నేడు పిట్స్‌బర్గ్ నైరుతి శివారులో ఇళ్ల వరుసల మధ్య ఒక చరిత్ర ఫలకంగా మిగిలింది. జనరల్ జాన్ నెవిల్ అక్కడ బానిసల శ్రమ మీద పెద్ద సేద్యం, పెద్ద బట్టీ నడిపేవాడు. పన్ను ఇన్‌స్పెక్టరు పదవి దక్కాక పన్నును సమర్థించాడు. పిట్స్‌బర్గ్‌లో సైన్యానికి సరఫరాలు చూసే అధికారి ఆయన అల్లుడే. 1794 జూలైలో ఫెడరల్ మార్షల్ డేవిడ్ లెనాక్స్ అరవైకి పైగా బట్టీదారులకు సమన్లు తెచ్చాడు. ఇటువంటి వ్యాజ్యాలను స్థానిక కోర్టుల్లోనే విచారించవచ్చునని జూన్ 5న చట్టాన్ని సవరించారు. కాని ఈ సమన్లు అంతకు ముందే, మే నెలాఖరులో జారీ అయినందువల్ల, అవి రైతులను ఫిలడెల్ఫియాకే రమ్మన్నాయి. కొద్ది రోజుల ఆలస్యం ఎన్ని ఇళ్లు కాల్చగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. జూలై 15న దారి చూపడానికి నెవిల్ వెంటరాగా లెనాక్స్ వెళ్లిన విలియం మిల్లర్ పొలం దగ్గర కాల్పులు జరిగాయి; మరునాడు బోవర్ హిల్‌ను చుట్టుముట్టినవారిలో ఆలివర్ మిల్లర్ చనిపోయాడు; ఆ మరునాడు ఐదారువందల మంది యుద్ధపంక్తులు కట్టి వచ్చారు. లోపల మేజరు కర్క్‌పాట్రిక్, పిట్స్‌బర్గ్ కోట నుంచి వచ్చిన పదిమంది సైనికులు మాత్రమే ఉన్నారు. నెవిల్ అప్పటికే లోయలో దాగి తప్పించుకున్నాడు. కాల్పులు ఆగాయనుకొని బయటికి అడుగువేసిన మెక్‌ఫార్లేన్‌కు తూటా తగలడంతో జనం ఇల్లు, కొట్టాలు తగలబెట్టారు. నెవిల్ కుమారుడు ప్రెస్లీ నివసించిన వుడ్‌విల్ ఇల్లు ఇంకా నిలిచి ఉన్నది, ప్రదర్శనశాలగా. చుట్టుపక్కల చిన్నబట్టీదారు ఉండిన చెక్క గుడిసెకు, ఈ ఇంటి భోజనపు గదికి తేడా చూస్తే పన్ను గురించిన వాదం సగం అర్థమైపోతుంది.

ఆగస్టు 1న సుమారు 7,000 మంది సాయుధులు మొనొంగహీలా ఒడ్డున బ్రాడక్ మైదానంలో చేరారు. 1755లో బ్రిటిషు జనరల్ బ్రాడక్ చచ్చేంత గాయపడినదీ, యువకుడైన వాషింగ్టన్ అతడి సహాయకుడిగా ప్రాణాలతో బయటపడినదీ అక్కడే. వచ్చినవారిలో చాలామందికి సొంత బట్టీ లేదు, కొందరికి భూమీ లేదు. వారి కోపం పన్నును దాటి పిట్స్‌బర్గ్ ధనికుల దాకా పోయింది. ఆ ఊరిని తగలబెడతారన్న భయంలో, న్యాయవాది, రచయిత అయిన హ్యూ హెన్రీ బ్రాకెన్‌రిడ్జ్ వారిలో ఒకడిగా నటిస్తూనే దారి మళ్లించాడు. పట్టణవాసులు తిండీ విస్కీ పెట్టి సాగనంపగా, దండు వీధుల గుండా కవాతు చేసి నది దాటిపోయింది. నేడు ఆ మైదానాన్ని 1875లో కార్నెగీ కట్టించిన ఎడ్గర్ థామ్సన్ ఉక్కు కర్మాగారం ఆక్రమించి ఉన్నది. నదికి దిగువన హోమ్‌స్టెడ్‌లో 1892 సమ్మెను అణచడానికి గవర్నరు ఎనిమిది వేలకు పైగా మిలీషియాను పంపాడు. ఈ లోయకు సైన్యం రావడం ఒక్కసారితో ముగియలేదు. ఇక్కడికి కొద్ది మైళ్ల ఉత్తరాన పెన్ హిల్స్ గుట్ట మీద 1976లో వెలసిన శ్రీ వెంకటేశ్వరాలయానికి అమెరికా నలుమూలల నుంచి తెలుగు కుటుంబాలు వస్తూనే ఉంటాయి. దర్శనం చేసుకొని బ్రాడక్ వైపు దిగేవారు మాత్రం తక్కువ. ఆ ఊరికి దారి చూపే ఆకర్షణ ఏదీ లేకపోవడం సహజమే.

వాషింగ్టన్ అనే పట్టణంలో, సౌత్ మెయిన్ వీధిలో, డేవిడ్ బ్రాడ్‌ఫర్డ్ 1788లో కట్టించిన రాతి ఇల్లు ఉన్నది. బ్రాడక్ మైదానంలో సేనాపతి వేషం వేసిన ఈ న్యాయవాది సైన్యం దగ్గరపడగానే నదిదారిన స్పెయిన్ భూభాగానికి పారిపోయి, లూయిజియానాలో తోట వేసి స్థిరపడ్డాడు. 1799లో అధ్యక్షుడు ఆడమ్స్ క్షమించాడు. ఊరు ప్రతి జూలైలో విస్కీ తిరుగుబాటు పండుగ చేసుకుంటుంది, నాటి వేషాలు, కవాతు, తారు పూసి ఈకలు అంటించే నటనతో సహా. వీరులుగా చెప్పుకోదగ్గవారు సమాధుల్లో ఉండగా, పారిపోయినవాడి ఇల్లే స్మారకంగా నిలవడం చరిత్ర చేసే చిత్రాలలో ఒకటి.

ప్రభుత్వం ఒక చేత సైన్యాన్ని కూడగడుతూనే మరో చేత చర్చలకు దూతలను పంపింది. ఆగస్టు 14న నేటి మొనొంగహీలా పట్టణపు గుట్ట మీద 226 మంది ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆ నెలాఖరులో బ్రౌన్స్‌విల్‌లో అరవైమంది సంఘం లొంగుబాటు మీద ఓటు వేసింది. బహిరంగంగా ‘సరే’ అనడానికి భయపడుతున్నవారి కోసం, రెండు మాటలూ రాసిన చీటీలో అక్కరలేని సగాన్ని చించేసే రహస్య పద్ధతి పాటించారు: 34 మంది లొంగుబాటుకు అనుకూలం, 23 మంది ప్రతికూలం. ఈ 23 సంఖ్యనే చూపించి సైన్యాన్ని పంపారు. నవంబరు 13 రాత్రి సుమారు 150 మందిని పరుపుల మీద నుంచి లాగి, చలిలో నిలబెట్టారు; వారిలో 20 మందిని కాలినడకన ఫిలడెల్ఫియాకు తోలుకొనిపోయి క్రిస్మస్ నాడు వీధుల్లో ఊరేగించారు. రాజద్రోహం రుజువైంది ఇద్దరి మీద మాత్రమే, ఫిలిప్ వైగెల్, జాన్ మిచెల్. ఆ ఇద్దరినీ వాషింగ్టన్ క్షమించాడు. దండు ఇక్కడ ఖర్చుపెట్టిన రొక్కం, కొన్న విస్కీ వల్ల పడమటిసీమకు ఎన్నడూ లేనంత నాణెం చేరిందన్నది ఆ కాలపు వింత.

బ్రౌన్స్‌విల్ సభలో లొంగుబాటు కోసం అందరికన్నా తెగించి మాట్లాడినవాడు ఆల్బర్ట్ గాలటిన్. జెనీవాలో పుట్టి వలస వచ్చినవాడు, 1792 నాటి పన్ను వ్యతిరేక సభకు కార్యదర్శిగా పనిచేసి, తర్వాత ఆ తప్పును ఒప్పుకున్నవాడు. మొనొంగహీలా మీది గట్టున ఉన్న ఆయన ఇల్లు ‘ఫ్రెండ్‌షిప్ హిల్’ జాతీయ చారిత్రక స్థలం. 1801లో ఆయన హామిల్టన్ కుర్చీలో కూర్చున్నాడు. 1802లో విస్కీ పన్ను రద్దయింది. బ్రిటన్‌తో మళ్లీ యుద్ధం రాగా ఆయన మంత్రిత్వంలోనే 1813లో బట్టీల మీద లైసెన్సు పన్ను తిరిగి వచ్చింది. యుద్ధం ముగిశాక పోయి, అంతర్యుద్ధంలో 1862లో వచ్చినది మాత్రం నిలిచింది. కొండల దూరాన్ని తగ్గించే పనికి కూడా ఆయనే పూనుకున్నాడు. 1806లో చట్టమై, 1811లో కంబర్లాండ్ వద్ద పని మొదలై, 1818కి ఒహాయో నదిని చేరిన జాతీయ రహదారి బ్రౌన్స్‌విల్, వాషింగ్టన్ పట్టణాల గుండా పోవడం వెనుక ఆయన చేయి ఉన్నది. వాషింగ్టన్‌ను తప్పిస్తే ఆ కౌంటీ ఓట్లు పోతాయని 1808లో అధ్యక్షుడు జెఫర్సన్‌కు రాయడానికి ఆయన వెనుకాడలేదు.

ఆ రహదారే నేటి 40వ నంబరు దారి. యూనియన్‌టౌన్ దాటి పడమరగా పోతే రోడ్డు పక్కన ఎనిమిది పలకల ఇటుక కట్టడం ఒకటి కనబడుతుంది. రోడ్డు మరమ్మతుల ఖర్చు తాను భరించలేనని కేంద్రం రాష్ట్రాలకు అప్పగించాక, 1835లో పెన్సిల్వేనియా వేయించిన ఆరు సుంకపు గేట్లలో అది ఒకటి. అక్కడ ధరలు జంతువును బట్టి, బండిని బట్టి, చక్రపు పట్టీ వెడల్పును బట్టి వేర్వేరుగా ఉండేవి: గొర్రెల మందకు ఒక రేటు, పశువుల మందకు ఒక రేటు, సన్నని చక్రాలు రోడ్డును కోసేస్తాయి గనుక వాటికి ఎక్కువ, వెడల్పు చక్రాలు దిమ్మిస కొట్టినట్టు నేలను చదును చేస్తాయి గనుక వాటికి తక్కువ. వసూలుదారు అన్ని వైపులా బండ్లను చూడగలిగేలా కిటికీలు పెట్టి కట్టారు.